సఫారికి ముహూర్తము

ఆఫ్రికాఖండములోని మృగములను వాని యడవిలోనే చూచి రావలెనని మా యింట మొట్టమొదట కోరినవారు మా అత్తగారు. ఈ మాట చదివి మీరు నవ్వవచ్చును గాని యిది నిజము. వారికి అఱువదియెనిమిదేండ్లు. మావారు ఉన్నతపాఠశాలలో భూగోళము చెప్పుదురు. పదునాలుగేండ్లుగా నల్లబల్లమీద ఆఫ్రికాపటము వ్రాయుటయు, గంట కొట్టగనే చెఱిపివేయుటయు వారి వృత్తి. టెలివిజనులో సింహము కనబడినచో అత్తగారు పొయ్యిమీది కూర నైనను మఱచి వచ్చి కూర్చుందురు. ఇట్టి తల్లికొడుకుల నడుమ మేము కాపురము చేయుచున్నాము.

మూడేండ్లు చీటి కట్టి కూడబెట్టిన సొమ్ము నిరుటి సంక్రాంతికి చేతికి వచ్చినది. డాబామీద ఒక గది వేసికొనవలెనని మా కోరిక. "గది ఎప్పుడైనా వేసుకోవచ్చే అమ్మాయీ, నా మోకాళ్ళు ఇంకెన్నాళ్ళు పనిచేస్తాయో ఎవరు చెప్పగలరు?" అని అత్తగా రనిరి. దానికి బదులు చెప్పలేకపోతిమి. పైగా మా మఱిది నైరోబీనగరములో ఉద్యోగి. నాలుగేండ్లుగా రమ్మని పిలుచుచునే యున్నాడు.

"సఫారి" యనగా స్వాహిలీభాషలో ప్రయాణమని మాత్రమే యర్థము. అది అరబ్బీనుండి వచ్చిన పదము. హైదరాబాదువారు "సఫర్" అనుచుండుట మన మందఱము వినినదే. వేట యను భావము దానికి తెల్లదొరల కాలములో అంటుకొన్నది. కెన్యాలో 1977లోనే వేట నిషేధింపబడినది. ఇప్పుడు సఫారి యనగా చూచి వచ్చుటయే.

ఉపాధ్యాయుల యిండ్లలో దూరప్రయాణము లన్నియు వేసవిసెలవులలోనే కదా! మేమును అట్లే తలచితిమి. పట్టణములో యాత్రలు కుదుర్చు నొక పెద్దమనిషి యొద్దకు పోగా, అతడు ఏప్రిలు చివరివారమునకు సగము వెలకే అన్నియు అమర్చెద ననెను. వెల తగ్గుటకు కారణము మేము అడుగలేదు, అతడు చెప్పలేదు. బయానాగా ఇరువదివేలు కట్టి, లడ్డూలు కొనుక్కొని యింటికి వచ్చితిమి.

ఆ రాత్రి మా మఱిదితో ఫోనులో మాటలాడినప్పుడు సంగతి బయటపడినది. "వదినా, మన కృష్ణలంకలో శ్రావణమాసంలో బురద ఎలా ఉంటుందో ఇక్కడ ఏప్రిల్లో అలా ఉంటుంది. బండి దిగబడితే సింహాలు మిమ్మల్ని చూస్తాయి" అని అతడు నవ్వెను. మావారికి నవ్వు రాలేదు. పటము నిన్ని మారులు వ్రాసియు వానల సంగతి తలచనైతినే యని వారు సిగ్గుపడిరి.

తరువాత వారే మాకు విశదముగా చెప్పిరి. కెన్యాదేశము భూమధ్యరేఖకు ఇరుప్రక్కల నున్నది. మనకువలె అచ్చట ఎండకాలము, వానకాలము, చలికాలము అను మూడు భేదములు లేవు. సూర్యుడు మార్చిలో నొకసారి, సెప్టెంబరులో నొకసారి భూమధ్యరేఖకు నెత్తిమీదుగా దాటును. వానమబ్బుల పంక్తియు కొంచెము వెనుకగా అతనిని అనుసరించును. అందుచేత ఏటికి రెండు వానకాలములు: మార్చి నడుమనుండి మే వఱకు పెద్దవానలు, అక్టోబరు చివరనుండి డిసెంబరు వఱకు చిన్నవానలు. పెద్దవానలలో గడ్డి నిలువెత్తు పెరుగును. అందులో పండుకొన్న సింహము పది గజముల దూరమున నున్నను కనబడదు. నీరు ఎల్లెడల దొరకును గనుక మృగములు నదులయొద్దకు గుంపులుగా చేరవు. మసాయి మారాయను వనములో విశేషభాగము మన గుంటూరు నల్లరేగడివంటి నేల. నల్లరేగడిలో వానకు ఎద్దుబండి యేమగునో ఎఱిగినవారికి అంతకంటె వివరించుట యెందుకు?

బయానాలో సగము మాత్రమే తిరిగి వచ్చినది. తక్కినది మా తెలివితక్కువకు గురుదక్షిణ యనుకొంటిమి. ఏప్రిలులో పోరాదని మా భావము కాదు. జనసమ్మర్దము లేని పచ్చని యడవిని తక్కువ సొమ్ముతో చూడగోరువారికి అదియే మంచిది కావచ్చును. కాని ఒక్కసారి మాత్రమే పోగలవారు వెల కంటె ముందు నెల నడుగవలెను.

ఇంక ఏ నెల? ఇచ్చట వైల్డ్‌బీస్టు అను మృగముల సంగతి చెప్పక తప్పదు. ఎనుబోతు తల, మేక గడ్డము, గుఱ్ఱపు తోక కలిపి బ్రహ్మదేవుడు తొందరలో చేసినట్లుండు జింకజాతి అది. టాంజానియాలోని సెరెంగెటి మైదానమున ఇవి లక్షలకొలది కలవు. జనవరి మొదలు మార్చి వఱకు మైదానపు దక్షిణభాగమున, ముఖ్యముగా ఫిబ్రవరిలో, ఈనుచుండును. పుట్టిన దూడ కొన్ని నిమిషములకే లేచి నిలుచునట. అచ్చట గడ్డి యెండగనే పడమరకును ఉత్తరమునకును నడచి, జూలై, ఆగస్టు నాటికి మారానదిని దాటి కెన్యాలోనికి వచ్చును. అక్టోబరు వఱకు మారాలో మేసి, చిన్నవానల వాసన తగులగనే మరల దక్షిణమునకు మరలును. వీని వెంట చారలగుఱ్ఱములు. వానికొఱకు నదిలో మొసళ్లు, గట్టున సింహములు, చిఱుతలు. దేశముల సరిహద్దు వీనిలో దేనికిని తెలియదు.

కావున జూలై మొదలు అక్టోబరు వఱకు మారాకు ముఖ్యకాలము. ఉపాధ్యాయునికి ఆ కాలమున నున్నవి దసరాసెలవు లొక్కటే. పండుగకు ఇంట లేకుండుట యెట్లని మేము సందేహింపగా, బొమ్మలకొలువు తాము పెట్టెదమని అత్తగా రనిరి. ఆ మాట వారు ఊరక అనలేదు. అప్పటికే వారికి ఒక సంగతి తెలిసియుండెను, అది చెప్పెదము.

కెన్యాకు పోవు భారతీయులు పచ్చజ్వరమునకు, అనగా ఎల్లోఫీవరునకు, టీకా వేయించుకొనవలెను. ఆ దేశమువారు అడుగుటకంటె తిరిగి వచ్చునప్పుడు మన దేశమువారు అడుగుట ముఖ్యము. మన దేశమున ఆ రోగము లేదు. దానిని వ్యాపింపజేయు జాతి దోమ మాత్రము మన ఇండ్లలోనే కలదు. రోగమొక్కటి దిగినచో దోమ సిద్ధముగా నున్నది. అందుచేతనే టీకాపత్రము లేక వచ్చినవారిని ఆఱు దినముల వఱకు వేఱుగా నుంచుదురు. టీకా వేసిన పదియవదినము మొదలు పత్రము చెల్లును. 2016నుండి అది జీవితాంతము పనికివచ్చునని నిర్ణయించినారు. అన్ని ఆసుపత్రులలో వేయరు. హైదరాబాదు నారాయణగూడలోని ప్రభుత్వ రోగనిరోధకసంస్థలో వేయుదురు. ముందుగా దినమును, వేళను విచారించి పోవలెను.

మేము నలుగురమును అచ్చటికి పోతిమి. పండ్రెండేండ్ల మా అమ్మాయికి, మావారికి, మాకు వేసిరి. అత్తగారి వయసు చూచి వైద్యురాలు కలము క్రింద పెట్టినది. ఈ టీకా బ్రతికియున్న రోగబీజమును నీరసింపజేసి చేసినది. అఱువదేండ్లు దాటినవారిలో అరుదుగానైనను అది ప్రమాదము కలిగింపవచ్చును. విహారము కొఱకు ఈ వయసున సాహసింపవల దని యామె సౌమ్యముగా చెప్పినది. అత్తగారు ఏమియు ననలేదు. బయట మెట్లమీద కూర్చుండి, "సరే, మీరు చూసి వచ్చి చెప్పండి" అనిరి. మేము ప్రయాణము మానుకొందు మంటిమి. వారు కోపగించిరి. "నా పేరు చెప్పి మీరు మానేస్తే, రేపు ప్రతి పండక్కీ ఆ మాట నా ఎదుట వస్తుంది. వెళ్ళండి. సింహం అరుపు ఎలా ఉంటుందో మాత్రం నాకు కావాలి" అని లేచిరి. చంటిబిడ్డలున్న తల్లులు, గర్భిణులు కూడ ఈ టీకా విషయమై వైద్యుల నడిగియే ప్రయాణము నిశ్చయింపవలెను. టిక్కెట్లు కొని పిమ్మట అడుగుట మావంటివారి పద్ధతి.

సొమ్ము సంగతి దాచనేల? మారాలో ప్రవేశరుసుము 2024నుండి పెరిగినది. పరదేశీయుల పెద్దవారికి జనవరి మొదలు జూన్ వఱకు దినమునకు 100 డాలర్లు, జూలై మొదలు డిసెంబరు వఱకు 200 డాలర్లు. తొమ్మిదేండ్లు నిండిన పిల్లలకు 50. దినమనగా ఉదయము ఆఱునుండి సాయంకాలము ఆఱు వఱకే. మేము వనద్వారమునకు వెలుపల దిగి రెండు దినములు లోనికి పోయితిమి. ద్వారముననే 900 డాలర్లయినది. మన ద్రవ్యములో డెబ్బదియైదువేలు దాటినది. డాబామీది గదికి ఒక గోడ అచ్చట పోయిన దని మావారితో అంటిమి. కెన్యాకు 2024 జనవరినుండి వీసా లేదు. దానికి మాఱుగా ముందే కంప్యూటరు ద్వారా అనుమతి పొందవలెను. అది సులభమే.

మూటలు కట్టుకొను సంగతి స్త్రీలది గనుక కొంచెము నిలిచి చెప్పెదము. కెన్యాలో 2017 ఆగస్టునుండి ప్లాస్టికుసంచులు నిషిద్ధము. 2020నుండి వనములలో ఒక్కసారి వాడి పాఱవేయు ప్లాస్టికుసీసాలును కూడదు. మన యిండ్లలో ప్రతి పొడియు, ప్రతి పచ్చడియు ఒక సంచిలో, ఆ సంచి మఱియొక సంచిలో నుండును గదా! మేము కందిపొడిని, కరివేపాకుపొడిని గుడ్డసంచులలో కుట్టి, ఆవకాయను స్టీలుడబ్బాలో నుంచి మూతచుట్టు గుడ్డ బిగించితిమి. నూనె కొంత కాఱి మావారి చొక్కా నంటినది. ఆ చొక్కా యిప్పటికిని ఆఫ్రికాకు గుర్తుగా నున్నది. చిన్నవిమానములో మారాకు పోవువారు పదియైదు కిలోలకు మించని మెత్తనిసంచి తీసికొనవలెను, గట్టిపెట్టెలు ఎక్కింపరు. నీలము, నలుపు వస్త్రములను ట్సెట్సీ యను ఈగ వెదకికొని వచ్చును. సైనికుల దుస్తులవంటి మచ్చలగుడ్డలను సామాన్యులు ధరింపరాదు. మన్నురంగు, గడ్డిరంగు మేలు. చీరతో జీపెక్కుట దుర్ఘటము కాదు గాని దిగుట దుర్ఘటము. మేము రెండవదినమున అమ్మాయి సల్వారు తొడిగితిమి. ఆఫ్రికా యనగా ఎండ యని తలచి ఉన్నివస్త్రములు మఱచినవారు తెల్లవాఱుజామున వణకుదురు. నైరోబీయే సముద్రమట్టమునకు 1,700 మీటర్ల యెత్తున నున్నది. మలేరియా విషయమై మారాకు పోవువారు వైద్యుల నడిగి మాత్రలు తీసికొనుట క్షేమము.

నైరోబీ యనగానే మా బంధువు లందఱును భయపెట్టినారు. ఒకరు దొంగ లనిరి. ఒకరు తుపాకు లనిరి. కొంత నిజము, కొంత కల్పన. ఆ నగరము 1899లో రైలుదారికి మజిలీగా పుట్టినది. మొంబాసానుండి విక్టోరియాసరస్సు వఱకు ఆ దారి వేయుటకు 1896నుండి ముప్పదివేలకు పైగా మన దేశపు కూలీలను, విశేషముగా పంజాబునుండి, తీసికొనిపోయిరి. వారిలో రెండువేలకు మించి మరణించిరి. 1898లో త్సావోనదియొద్ద రెండు సింహములు కూలీలను నెలల తరబడి డేరాలనుండి యీడ్చుకొనిపోయి తినినవి. నేడు సింహమును చూడ సొమ్మిచ్చి పోవు మనకు, ఆనాడు దానిని చూడ నొల్లక ప్రాణములిచ్చిన మనవారు గుర్తుండవలెను. 2017లో కెన్యాప్రభుత్వము అచ్చటి భారతీయసంతతివారిని దేశపు నలుబదినాలుగవ తెగగా గుర్తించినది.

మా మఱిది కాపురము పార్క్‌లాండ్స్ అను పేటలో. వీధి మొదట గేటు, గేటువద్ద కావలివాడు, మరల ఇంటికి గేటు. మా తోడికోడలు మొదటి సాయంకాలముననే మాకు నియమములు చెప్పినది. ప్రొద్దుగ్రుంకిన పిమ్మట నడచిపోరాదు. రెండు వీధులయినను బండియే. బండిని వీధిలో చేయెత్తి పిలువరాదు. ఫోనులో కుదుర్చుకొని సంఖ్య సరిచూచి యెక్కవలెను. భూమధ్యరేఖ దాపున ఏడాది పొడుగున ఆఱున్నరకే చీకటి పడును. మన వేసవివలె ఏడు దాటువఱకు వెలుతురు నిలుచునని భ్రమపడరాదు. మంగళసూత్రమును పైటలోపల దాచుకొనవలెను. గాజులు, గొలుసులు ఇంటనే. రద్దీలో బండి నిలిచినప్పుడు అద్దములు దించరాదు, ఫోను కిటికీయొద్ద పట్టుకొనరాదు. ద్విచక్రముల వారు లాగికొని పోదురు. సొమ్ము కొంచెము మాత్రమే వెంట నుంచుకొనవలెను. అచ్చట 2007నుండి ఎంపెసా యను పద్ధతిచే ఫోనుతోనే చెల్లింపులు జరుగుచున్నవి. కూరగాయలమ్మియు అట్లే పుచ్చుకొనును. 2013 సెప్టెంబరులో వెస్ట్‌గేట్ అను అంగడిభవనముమీద ఉగ్రవాదులు పడి అఱువదిమందికి పైగా చంపిన నాటినుండి పెద్ద దుకాణములలో సంచులు వెదకుదురు, విసుగుకొనరాదు. 2024 జూన్ 25వ తేదీన పన్నుల బిల్లునకు విరోధముగా యువకులు పార్లమెంటుమీదికి పోయి కాల్పులకు గుఱియైరి. 2025లోను ఆ తేదీయందును, జూలై 7వ తేదీయందును నగరమధ్యమున అలజడులు జరిగినవి. కావున వార్తలు చూచి ఆ దినములలో నగరమధ్యమునకు పోకుండుట మంచిది. విమానము రాత్రివేళ దిగునట్లు కుదుర్చుకొనకుండుటయు మంచిదే.

ఇన్ని విని మేము మొదటి రాత్రి నిద్రపోలేదు. తెల్లవాఱి అంగడికి పోగా అచ్చట బడికి పోవు పిల్లలు, కొంగున బిడ్డను కట్టుకొన్న తల్లులు, బేరమాడు ముసలివారు. ఏ బెజవాడలోనో ఉన్నట్లే యుండెను. వారు మమ్ము "మామా" యని పిలిచిరి. స్వాహిలీలో మామా యనగా అమ్మా యని. మా యమ్మాయి ఆ దినమంతయు నవ్వుచునే యున్నది. బండిని "గారి" యందురు, భీమాను "బీమా" యనియే యందురు, లక్షను "లాకి" యందురు. సింహము "సింబా". మేము సంస్కృతసింహమే సముద్రము దాటినదని గర్వించితిమి గాని, అది వారి బంటుభాషలకు సహజమైన పదమేనట, పోలిక కాకతాళీయము. వారి ముఖ్యాహారమగు ఉగాలి మన మొక్కజొన్నసంకటియే. దానితోడి ఆకుకూరకు "సుకుమా వికి" యని పేరు. వారమును ముందుకు నెట్టునది యని యర్థము. జీతమురాళ్లతో నెల గడుపు ఇల్లాలికి ఇంతకంటె చక్కని పేరు దొరకునా?

నైరోబీనుండి మారాకు బండిలో ఐదాఱు గంటలు పట్టినది. దారిలో మహాభ్రంశలోయ యంచున నిలిచితిమి. భూమి చీలి అడుగున మైదానమై పరచుకొన్న ఆ దృశ్యమును చూచి, నల్లబల్లమీద ఒక్క గీతగా దానిని వ్రాసిన మావారు చాలసేపు మాటలాడలేదు. నరోకు పట్టణము దాటిన తరువాత ఎఱ్ఱదుప్పట్లు కప్పుకొన్న మసాయి పసులకాపరులు, వారి ఆవుల నడుమనే మేయు చారలగుఱ్ఱములు కనబడినవి. ఆ నేలలు మసాయివారివే. వనము వెలుపల తమ భూములను వారే మృగముల కొఱకు విడిచి, దానికి అద్దె పొందు పద్ధతి కలదట.

మరునాడు ఉదయము సింహములను చూచితిమి. కావ్యములలో సింహము ఏనుగు కుంభస్థలమును చీల్చి ముత్యములు వెదచల్లును. మేము చూచిన మృగరాజు పొదనీడను వెల్లకిల పండుకొని, పొట్టమీద ఈగలు ముసరగా నిద్రించుచుండెను. దినమునకు ఇరువది గంటల వఱకు అది విశ్రమించునట. వేట యెక్కువగా ఆడుసింహములదే. తినుటలో మొదటి పాలు మగదానిది. ఈ సంగతి బండి నడుపువాడు చెప్పగా మేము మావారి వంక చూచితిమి. వారు దుర్భిణిని సవరించుకొనిరి. ఒక మృగముచుట్టు ఐదు బండ్లకు మించి నిలువరాదను నియమము కలదు. మేము పదునొకటి లెక్కించితిమి. మాదియు అందులో నొకటియే కదా!

ఆనాటి మధ్యాహ్నము మారానది గట్టున మూడు గంటలు కనిపెట్టుకొని యుంటిమి. అవతలివైపు వేలకొలది వైల్డ్‌బీస్టులు. ముందు వరుసలోనివి నీటి యంచువఱకు వచ్చును, వెనుకనున్నవి నెట్టును, ఒక చారలగుఱ్ఱము మూతిని నీట ముంచి చూచును, ఎచ్చటనో ఒక నీటిగుఱ్ఱము బుస్సుమనును, అంతలో మంద యంతయు దుమ్ము లేపుచు వెనుకకు పరుగెత్తును. ఇట్లు నాలుగుమార్లు. తుదకు అవి దాటనే లేదు. చిత్రములలో మనము చూచు ఆ దాటుట మాకు దక్కలేదు. నెల మంచిదైనను గంట మన చేతిలో నుండదు. మా యమ్మాయి యేడ్చినది. మాకును లోపల గది గోడ మరల జ్ఞాపకము వచ్చినది.

ఆ రాత్రి డేరాలో పండుకొన్నపుడు సింహము గర్జించినది. అది చెవికంటె ముందు ఱొమ్మునకు తగులును. మొదట దీర్ఘముగా, తరువాత కురుచలై, చివరకు గుఱకవలె తగ్గును. అయిదు మైళ్ల దూరమునకును వినబడునట. మావారు దిగ్గున లేచి ఫోను డేరాయంచున పెట్టి ఆ ధ్వనిని పట్టిరి.

తిరిగి నైరోబీ చేరినదినమున ఒక కూడలిలో బండి నిలిచెను. ఉక్కగా నున్నదని మావారు అద్దము దించి, దారిప్రక్క పూలచెట్టును ఫోనులో చిత్రింపబోయిరి. తోడికోడలి నియమము లన్నియు వ్రాసికొన్నవారు వారే! కాలిదారిని అరటిపండ్లు అమ్ము నొక స్త్రీ మా వంక చూచి, "మామా! సిము! సిము!" అని గట్టిగా అఱచినది. సిము వనగా ఫోను. మావారు చేయి లోనికి తీసికొనుటయు, ద్విచక్రముమీద వెనుక కూర్చున్నవాని చేయి కిటికీని రాచుకొనిపోవుటయు ఒక్క క్షణమున జరిగినవి. ఫోను వారి యొడిలో పడినది. ఆ ఫోనులోనే సింహగర్జన యున్నది! మేము ఆ స్త్రీకి నమస్కరించి, ఉన్న చిల్లర యంతయు ఇచ్చి ఒక గెల కొంటిమి. ఆమె చిల్లర సరిగా లెక్కించి మిగిలినది తిరిగి యిచ్చినది.

ఇంటికి వచ్చిన రాత్రి అత్తగారు బొమ్మలకొలువు ముందు కూర్చుండి ఆ ధ్వని వినిరి. అందులో గర్జనకంటె మావారి దగ్గే యెక్కువ. వారు కన్నులు మూసికొని మూడుసార్లు పెట్టించుకొనిరి. "గొంతులోంచి రాదే యిది. పొట్టలోంచి వస్తుంది" అనిరి.

పిమ్మట మావారు ఒక పటము తెచ్చి వారి యొడిలో పఱచిరి. మేము ముందే చూడవలసిన సంగతి అది. దక్షిణాఫ్రికాలో పచ్చజ్వరము లేదు. దారిలో ఆ రోగమున్న దేశముల విమానాశ్రయములలో దిగక పోయినచో ఆ టీకా అక్కఱలేదు. అచ్చటి క్రూగర్ వనము 1926నుండి జాతీయవనము. మన వేసవి వారికి చలికాలము. మే చివరినాటికి వానలు వెనుకబడి, గడ్డి తగ్గి, మృగములు నీటిపట్టులకు చేరును. పాఠశాలలు తెఱచునది జూన్ రెండవవారమున గదా! వేసవిసెలవులలో పోదగిన సఫారి అది. జొహన్నెస్‌బర్గు నగరములో నైరోబీకంటె జాగ్రత్త యెక్కువ కావలెనందురు. విమానాశ్రయమునుండి తిన్నగా వనమునకు పోవుట మేలు. డర్బనులో మన తెలుగువా రున్నారు; 1860లో మదరాసునుండి చెఱకుతోటలకు పోయిన మొదటి యోడనాటినుండి వచ్చిన కూలీల సంతతివారు.

సొమ్ము మిగిలినది కొంచెమే. చీటి మరల మొదలు పెట్టవలెను. అత్తగారు పటమును చాలసేపు చూచి, "మే నెలలో అక్కడ చలి ఎంత ఉంటుందిరా?" అని అడిగిరి. తెల్లవాఱుజామున పది డిగ్రీల లోపే యుండునని మావారనిరి. మరునాడు మేము లేచునప్పటికి వారి పాత ఉన్నిశాలువ దండెముమీద ఎండలో ఆఱుచుండెను.